ఎమ్మో ఎక్సెల్లో నాకెందుకు, నా కొలతేది?

మూడు ఉతుకులు. అంతే! ఆఫర్లో కొన్న ఆఫీసు కుర్తీ, బస్సెక్కుతుంటే పక్క కుట్టు పర్రుమంది. ఇంటికొచ్చి తిరగేసి చూస్తే లోపల వేలెడు బట్ట కూడా వదల్లేదు. దేన్ని పట్టి మళ్ళీ కుట్టించాలి, నా తలకాయనా?

సైజుల సంగతి మరీ ఘోరం. ఒక షాపులో ఎమ్, ఎదురు షాపులో ఎక్సెల్. రోడ్డు దాటేలోపు లావైపోయానా? భుజం సరిపోతే నడుం పట్టదు, నడుం పడితే చేతులు వేలాడతాయి. జేబు మాత్రం ఉండదు. ఆడవాళ్లకు ఫోన్లుండవా, బస్సు చిల్లర ఉండదా?

మే నెల తిరుపతి ఎండలో పాలిస్టర్ తొడుక్కోమంటారు. చెమట పీల్చదు, ఒంటికి అతుక్కుంటుంది. ఛీ! పక్కనే నగరిలో, పుత్తూరులో పవర్‌లూములు టకటకలాడుతుంటే మనకీ ఖర్మేంటి?

విసుగొచ్చి గాంధీ రోడ్డులో రెండున్నర మీటర్ల కాటన్ కొన్నా. కుంచించుకుపోయేదేదో ముందే పోనీ అని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, మా వీధి టైలరన్న చేతిలో పెట్టా. ఆయనా తక్కువోడేం కాదు. "రేపు రా క్కా" అంటూ మూడు రేపులు తిప్పాడు. కుట్టుకూలి అంతెక్కువా అని మా ఇంట్లో ఒకటే సణుగుడు. మూడు ఉతుకులకే మూలన పడ్డదాని ఖరీదు మాత్రం ఎవరూ లెక్కేయరు!

కానీ కుడివైపు ఫోను మునిగేంత జేబు పెట్టాడు. పక్కల్లో అంగుళమున్నర బట్ట వదిలాడు. "లావైతే విప్పుకోవచ్చు క్కా" అట. అడిగానా నేను?