నేల వేసిన వెలి

కథల్లో హత్య చేసినవాడికి ఉరో, చెరో, పశ్చాత్తాపమో దక్కుతుంది. కానీ ఆ హంతకుడు రైతు అయినప్పుడు, సొంత చేలోంచి వెళ్లగొట్టడాన్ని మించిన శిక్ష లేదని రచయితలు ఎప్పుడో గ్రహించారు. ఆదికాండం నాలుగో అధ్యాయంలో తమ్ముణ్ణి చంపిన కయీను సేద్యగాడు. ఎంత దున్నినా నేల ఇక తన సారాన్ని అతనికి ఇవ్వదన్నదే అతనికి తగిలిన శాపం.

1958లో వెలువడిన నైజీరియా రచయిత చినువా అచెబె నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’లో ఈ శిక్ష మరింత సూక్ష్మమైనది. ఒక వృద్ధుడి అంత్యక్రియల్లో కథానాయకుడైన రైతు ఒకాంక్వో తుపాకీ పేలి, ఆ వృద్ధుడి పదహారేళ్ల కొడుకే చనిపోతాడు. తెలియక జరిగినదే అయినా సొంత వంశస్థుణ్ణి చంపడం భూదేవతకు అపచారం కనుక, ఒకాంక్వో ఏడేళ్లపాటు తల్లి పుట్టిన ఊరిలో తలదాచుకోవాలి. తెల్లవారగానే అతని ఇళ్లు తగలబెట్టి, పశువులను చంపి, దుంపల కొట్టును నేలమట్టం చేసినవారిలో అతని ప్రాణమిత్రుడు ఒబీరికా కూడా ఉన్నాడు. వారికి అతనిపై పగ లేదు. మైలపడిన నేలను శుద్ధి చేయడమే వారి పని.

అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకునేవి ఆ నవలలోని పెండలం దుంపల లెక్కలు. ఆ రాత్రే మిత్రులు దుంపలను మోసుకెళ్లి ఒబీరికా కొట్టులో దాస్తారు. అతడు పెద్దవి అమ్మి, విత్తనపు దుంపల్లో కొన్నింటిని పంటలో వాటాకు సాగుచేసేవారికి ఇచ్చి, రెండో ఏట ఆ డబ్బును, అంటే గవ్వల సంచులను, మోయించుకుని ఒకాంక్వో దగ్గరికి వస్తాడు. తల్లి ఊరిలో మేనమామ ఉచెండు కొడుకులు ఐదుగురూ తలా మూడు వందల విత్తనపు దుంపలిస్తారు. మన కథకులు తరచుగా మరచేది ఇదే: నాయకుడు ఊరు విడిచిన ఏళ్లలో ఆ పొలం ఎవరు దున్నారో చెప్పరు, చివరి ప్రకరణంలో మాత్రం అది అతని కోసమే ఎదురుచూసినట్టు పచ్చగా కనిపిస్తుంది. సేద్యం తెలిసిన పాఠకుడు అక్కడ పుస్తకం మూసేస్తే తప్పు పట్టలేను.

అచెబె అలా చేయలేదు. వెలి చివరి ఏట ఒకాంక్వో డబ్బు పంపి పాత ఆవరణలో రెండు గుడిసెలు కట్టిస్తాడు. కానీ పూర్వీకుల ఆత్మలుగా ముసుగులు ధరించి న్యాయం చెప్పే తొమ్మిదిమందిలో తన స్థానం పోయిందని అతనికి తెలుసు. ఊరు తోక తెగిన బల్లిలా కొత్త తోక మొలిపించుకుంది.