అంకె వేయని ప్రోనోటు

2025 ఏప్రిల్ 24, గురువారం రాత్రి గ్రీన్ బేలో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండ్ ముగిసేసరికి అట్లాంటా ఫాల్కన్స్ జట్టుకు ఇద్దరు కొత్త పాస్ రషర్లు, అంటే ఎదుటి జట్టులో బంతి విసిరేవాణ్ని పడగొట్టేవాళ్లు, దొరికారు. డ్రాఫ్ట్ అంటే జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవడం. ఒక్కో వంతు ఒక్కో పిక్. 2026 మొదటి రౌండ్ పిక్ మాత్రం చేజారింది. 15వ పిక్‌తో జార్జియా యూనివర్సిటీ కుర్రాడు జేలన్ వాకర్‌ను తీసుకున్నప్పుడు ఎవరికీ పేచీ లేదు. పక్కనున్న ఏథెన్స్‌లో ఆడినవాడు, నిరుడు బట్కస్ అవార్డు గెలిచినవాడు, జట్టుకు సరిగ్గా కావాల్సినవాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ సంపాదకీయం రాసే పనే ఉండేది కాదు. ఆగలేదు. 26వ పిక్ మీద మనసుపడి లాస్ ఏంజెలెస్ రామ్స్‌కు ఈ ఏటి రెండో రౌండ్ పిక్ (46), ఏడో రౌండ్ పిక్ (242) ఇచ్చారు. అవి చాలవన్నట్టు వచ్చే ఏడాది మొదటి రౌండ్ పిక్ కూడా రాసిచ్చారు. తిరిగి వచ్చింది 26, దాంతో పాటు మూడో రౌండ్ చివర్లో 101. ఆ 26తో టెనెసీ యూనివర్సిటీ ఆటగాడు జేమ్స్ పియర్స్ జూనియర్‌ను తెచ్చుకున్నారు.

పియర్స్ ఆటను మేం తప్పుపట్టడం లేదు. 2023లో కాలేజీ స్థాయిలో 10 సాక్‌లు (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను విసరకముందే పడగొట్టడం) చేశాడు. డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్లను పరీక్షించే కంబైన్‌లో 40 గజాలు 4.47 సెకన్లలో పరిగెత్తాడు. రేపు అట్లాంటాలో పెద్ద స్టార్ అయితే మాకూ సంతోషమే. అయినా ఈ బేరం తప్పే. వచ్చే ఏటి పిక్ అంటే ఎన్నో నంబరో ఇవాళ ఎవరూ చెప్పలేరు. నంబరు ఎంత చిన్నదైతే పిక్ అంత విలువైనది. జట్టు బాగా ఆడితే 28, 30. చతికిలపడితే 5, 3, ఇంకా ఖర్మకాలితే 1. అంటే ప్రోనోటు మీద సంతకం పెట్టి, అంకె దగ్గర ఖాళీ వదిలేసి అప్పిచ్చినవాడి చేతికిచ్చారు. జట్టు ఎన్ని మ్యాచ్‌లు ఓడితే ఆ బాకీ అంత పెరుగుతుంది. అలాంటి నోటు మీద వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్న కుటుంబాల కథలు మన పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. (జట్టు యజమాని ఇంటిపేరు బ్లాంక్ కావడంలో మా ప్రమేయం ఏమీ లేదు.)

పాస్ రషర్ల కరువు నిజమే. 2024లో ఫాల్కన్స్ చేసినవి మొత్తం 31 సాక్‌లు. 32 జట్లలో అంతకంటే తక్కువ చేసింది ఒక్కటే. 2016లో విక్ బీస్లీ 15.5 సాక్‌లతో లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచాడు. ఆ తర్వాత ఒక సీజన్‌లో పది సాక్‌లు చేసిన ఫాల్కన్స్ ఆటగాడు మళ్లీ లేడు. ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ బస్టాపులో నిలబడ్డంత తీరిగ్గా నిలబడి, అటూ ఇటూ చూసి, తనకు నచ్చినవాడికి బంతి విసురుతుంటే చూసీ చూసీ విసుగెత్తింది.

ఈ కరువు తెచ్చింది ఎవరు? జనరల్ మేనేజర్ టెరీ ఫాంటెనో 2021 జనవరిలో ఆ కుర్చీలో కూర్చున్నారు. మొదటి నాలుగేళ్లలో మొదటి రౌండ్‌లో ఆయన ఎంచుకున్నవాళ్లు టైట్ ఎండ్ కైల్ పిట్స్, రిసీవర్ డ్రేక్ లండన్, రన్నింగ్ బ్యాక్ బిజాన్ రాబిన్సన్, క్వార్టర్‌బ్యాక్ మైకేల్ పెనిక్స్. నలుగురూ బంతి విసిరేవాళ్లో పట్టేవాళ్లో పట్టుకుని పరిగెత్తేవాళ్లో. ఎదుటివాణ్ని పడగొట్టేవాడు ఒక్కడూ లేడు.

నిరుటి ఏప్రిల్ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అంతకు ఆరు వారాల ముందే కర్క్ కజిన్స్‌తో నాలుగేళ్లకు 18 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. అందులో 10 కోట్లు గ్యారంటీ. సరే, క్వార్టర్‌బ్యాక్ సమస్య తీరింది, ఇక డిఫెన్స్ చూస్తారని అందరూ అనుకున్నారు. డ్రాఫ్ట్ రాత్రి ఎనిమిదో పిక్‌తో ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చారు. ఆ రాత్రే డ్రాఫ్ట్ చరిత్రలో తొలిసారిగా మొదటి 14 మందీ అఫెన్స్ (బంతితో దాడి చేసే వైపు) ఆటగాళ్లే అయ్యారు. అంటే అట్లాంటా వంతు వచ్చేసరికి డిఫెన్స్ ఆటగాళ్లు ఒక్కరు కూడా తగ్గకుండా ఎదురుగా ఉన్నారు. ఏ అప్పూ లేకుండా, సొంత పిక్‌తో, ఎవరిని కావాలంటే వాళ్లను తీసుకోవచ్చు. తీసుకోలేదు. లాయాటు లాటు 15వ పిక్‌లో కోల్ట్స్‌కు, డాలస్ టర్నర్ 17లో వైకింగ్స్‌కు, జారెడ్ వెర్స్ 19లో రామ్స్‌కు వెళ్లారు. ఆ వెర్స్ ఏడాది తిరక్కుండానే డిఫెన్స్‌లో ఉత్తమ రూకీ (తొలి ఏడాది ఆటగాడు) అయ్యాడు. ఇప్పుడు అట్లాంటా ప్రోనోటు ఎవరి బీరువాలో ఉందో చూడండి. ఆ రామ్స్ దగ్గరే. నిరుడు మనం వదిలేసిన సరుకు ఎత్తుకుపోయినవాడే ఈ ఏడాది మనకు అప్పిచ్చాడు.

పెనిక్స్ పదేళ్ల పాటు జట్టును మోస్తాడేమో. మోయాలనే కోరుకుందాం. ఇప్పటికి ఆడించింది నిరుటి చివరి మూడు మ్యాచ్‌లు. 16 ఇంటర్‌సెప్షన్లు (విసిరిన బంతి ఎదుటి జట్టు చేతికి పోవడం) ఇచ్చి డిసెంబర్లో బెంచ్ ఎక్కిన కజిన్స్ మాత్రం ఈ ఏడాది 2.75 కోట్ల డాలర్ల గ్యారంటీ జీతంతో అక్కడే కూర్చున్నారు. మార్చిలో ఆయన్ను వదులుకోకపోవడంతో మరో కోటి డాలర్లు ఖాయమయ్యాయి. మొదటి రౌండ్ పిక్‌కు విలువ ఎందుకో అర్థమయ్యేది సరిగ్గా ఇక్కడే. రూకీ జీతం ముందే నిర్ణయమైపోతుంది. నాలుగేళ్లు, కావాలంటే అయిదో ఏడూ, మంచి ఆటగాడు చవగ్గా దొరుకుతాడు. పెద్ద కాంట్రాక్టు బెడిసికొట్టిన జట్టుకు ఆ చవక ఆటగాళ్లే దిక్కు. అలాంటి జట్టే వాళ్లను తెచ్చే పిక్‌ను ఇచ్చేసుకుంది.

ఇది మొదటి అప్పయితే ఇంత గోల చేసేవాళ్లం కాదు. నిరుడు ఆగస్టులో మాథ్యూ జూడాన్ కోసం ఈ ఏటి మూడో రౌండ్ పిక్ పేట్రియాట్స్‌కు ఇచ్చారు. ఆయన 5.5 సాక్‌లు చేశారు, కాంట్రాక్టు అయిపోయింది. అదీ పాస్ రషర్ కోసమే. కజిన్స్‌తో పాటు మరికొందరితో గడువుకు ముందే మాట్లాడినందుకు లీగ్ ఈ ఏటి అయిదో రౌండ్ పిక్ లాగేసుకుంది. జట్టుకు రెండున్నర లక్షల డాలర్లు, ఫాంటెనోకు విడిగా 50 వేలు జరిమానా వేసింది. ఏడు రౌండ్ల డ్రాఫ్ట్‌కు అట్లాంటా చేతిలో అయిదే పిక్‌లతో వచ్చిందంటే కారణం ఇదే. పాత అప్పులకు ఈ ఏడాది పిక్‌లు పోయాయి, ఈ ఏడాది కొరతకు వచ్చే ఏడాది పిక్ పోయింది. వచ్చే ఏడాది కొరతకు 2027 పిక్ ఇస్తారా? అప్పుడు వద్దనడానికి ఏ ముఖం ఉంటుంది?

రామ్స్ ఇలాగే పిక్‌లన్నీ ఇచ్చేసి కప్పు గెలవలేదా అని అడిగేవాళ్లున్నారు. నిజమే, 2017 నుంచి 2023 దాకా వాళ్లు మొదటి రౌండ్‌లో ఒక్కరినీ తీసుకోలేదు, 2022 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచారు. కానీ వాళ్లు పిక్‌లిచ్చి తెచ్చుకున్నది అప్పటికే లీగ్‌లో నిరూపించుకున్న జేలెన్ రామ్‌జీ, మాథ్యూ స్టాఫర్డ్ లాంటి వాళ్లను. డిఫెన్స్ దిగ్గజం ఆరన్ డొనాల్డ్ అప్పటికే ఆ జట్టులో ఉన్నాడు. 2011లో జూలియో జోన్స్ కోసం ఫాల్కన్సే అయిదు పిక్‌లు ఇచ్చిందని గుర్తుచేసేవాళ్లూ ఉన్నారు. అది అంతకు ముందు ఏడాది 13 మ్యాచ్‌లు గెలిచిన జట్టు. ఇప్పటి జట్టు గెలిచింది ఎనిమిది, ఓడింది తొమ్మిది. 2017 సీజన్ తర్వాత ప్లేఆఫ్స్ గడప తొక్కలేదు. నిండు గాదె ఉన్నవాడు అప్పు చేయడం వేరు, గాదె అడుగు గీకుతున్నవాడు చేయడం వేరు.

ఉదాహరణలు కావాలంటే దూరం పోనక్కర్లేదు. మన డివిజన్‌లోనే ఉన్న న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ 1999లో రికీ విలియమ్స్ అనే ఒక్క రన్నింగ్ బ్యాక్ కోసం ఆ ఏటి పిక్‌లన్నీ ఊడ్చి ఇచ్చింది. 2000 మొదటి రౌండ్ పిక్‌నూ దానికి జతచేసింది. ఆ ఏడాది జట్టు మూడే మ్యాచ్‌లు గెలిచింది. ప్రోనోటు మీద పడిన అంకె 2. రెండో పిక్ వాషింగ్టన్ పాలైంది, కోచ్ మైక్ డిట్కా ఉద్యోగం పోయింది. ఆ సెయింట్సే 2018లో మార్కస్ డావెన్‌పోర్ట్ కోసం మరుసటి ఏటి మొదటి రౌండ్ పిక్ ఇచ్చి 14కు ఎగబాకింది. అతనూ పాస్ రషరే. అయిదేళ్లలో అతని అత్యుత్తమం 9 సాక్‌లు, చివరి ఏడాది అర సాక్. అప్పుడు ఆ ఆఫీసులో పనిచేస్తున్నవాళ్లలో టెరీ ఫాంటెనో ఒకరు. నిర్ణయం ఆయనది కాదు, ఒప్పుకుంటాం. దాని ఫలితం పక్కనుండి చూసింది మాత్రం ఆయనే.

బాస్కెట్‌బాల్ లీగ్ ఈ జబ్బును ఎప్పుడో పసిగట్టింది. 1980ల మొదట్లో క్లీవ్‌ల్యాండ్ యజమాని టెడ్ స్టెపియన్ భవిష్యత్తు పిక్‌లన్నీ పంచిపెట్టేస్తుంటే, వరుసగా రెండేళ్ల మొదటి రౌండ్ పిక్‌లు ఇవ్వకూడదని నిబంధన పెట్టింది. ఐపీఎల్ వేలంలో కూడా ఏ ఫ్రాంచైజీ అయినా ఈసారి పర్సులోంచే ఖర్చు పెట్టాలి, వచ్చేసారి పర్సు మీద చెయ్యి వేయడానికి లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలాంటి అడ్డు లేదు. అడ్డు లేని చోట యజమాని అడ్డుపడాలి.

ఎందుకంటే అప్పు చేసేది ఒకరు, కట్టేది ఇంకొకరు. ఫాంటెనో నాలుగు సీజన్ల గెలుపోటముల లెక్క 7-10, 7-10, 7-10, 8-9. అయిదోది కూడా అలాగే ఉంటే ఆయన ఉద్యోగం ఉంటుందని పందెం కాసేవాడు జార్జియాలో దొరకడు. అంటే ఈ జూదంలో గెలిస్తే కుర్చీ నిలుస్తుంది. ఓడితే కుర్చీతో పాటు బాకీ కూడా తర్వాత వచ్చేవాడిదే. ఉద్యోగం మీద టెన్షన్ ఉన్న మనిషి చేతికి వచ్చే ఏటి తాళాలు ఇవ్వకూడదన్న ఇంగితం ఏ చిన్న కొట్టు యజమానికైనా ఉంటుంది. హోమ్ డిపోను నిలబెట్టిన ఆర్థర్ బ్లాంక్‌కు లేదా?

వదిలిపోలేనివాళ్లు అభిమానులు. మెర్సిడెస్ బెంజ్ స్టేడియంలో సీటు కావాలంటే టికెట్ కంటే ముందు ఆ సీటు మీద హక్కుకే విడిగా డబ్బు కట్టించుకున్నారు. స్టేడియం కట్టడానికి నగరం హోటల్ పన్ను మీద 20 కోట్ల డాలర్ల బాండ్లు ఇచ్చింది. ఆల్ఫరెట్టా, కమ్మింగ్, జాన్స్ క్రీక్ తెలుగు ఇళ్లలో పిల్లల దగ్గర ఈ ఆట నేర్చుకుని, ఆదివారం పూట మధ్యాహ్నం నిద్ర మానేసి టీవీ ముందు కూర్చునే తల్లిదండ్రులు ఎందరో. వచ్చే ఏప్రిల్లో పిట్స్‌బర్గ్‌లో మొదటి రౌండ్ చూస్తూ అట్లాంటా పేరు ఎప్పుడొస్తుందని ఆ పిల్లలు అడిగితే ఏం చెప్పాలో ఫాంటెనో ఇప్పుడే రాసిపెడితే మంచిది.

శుక్రవారం రాత్రి రెండో రౌండ్ మొదలవుతుంది. 46 దగ్గర ఇంకెవరో పిలుస్తారు. 101 దాకా అట్లాంటా గదికి పని లేదు. అంతసేపు ఖాళీగా కూర్చుంటే చేతులు దురద పెడతాయని మాకు తెలుసు. ఫోన్లు బయట పెట్టి తలుపు వేసుకోండి. 2026లో మీకు ఇంకా కొన్ని పిక్‌లు మిగిలే ఉన్నాయి, అవి మీవి కావు.