తూటాల ఖర్చు ప్రభుత్వాలే భరించాలి

2023 అక్టోబరు 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన పురుషుల ట్రాప్ షూటింగ్ (గాల్లోకి విసిరిన బిళ్లల్ని తుపాకీతో కొట్టే ఆట) జట్టు బంగారు పతకం గెలిచింది. హైదరాబాదీ కైనాన్ చెనాయ్, పంజాబ్ షూటర్ జోరావర్ సింగ్ సంధు, తమిళనాడు పుదుక్కోట్టైకి చెందిన పృథ్వీరాజ్ తొండైమాన్ కలిసి 375 బిళ్లలకు 361 కొట్టి ఆసియా క్రీడల రికార్డు నెలకొల్పారు. కువైట్ 359తో రజతం, చైనా 354తో కాంస్యం తీసుకున్నాయి. మనవాళ్లు గురి తప్పినవి మొత్తం 14. కైనాన్ మూడు, జోరావర్ ఐదు, పృథ్వీరాజ్ ఆరు. ఇంకో మూడు చేజారి ఉంటే బంగారం కువైట్‌దే. అదే రోజు వ్యక్తిగత విభాగంలో కైనాన్‌కు కాంస్యం కూడా దక్కింది.

ఈ ఆటలో టెన్షన్ ఎంతో చూసినవాళ్లకే తెలుస్తుంది. షూటర్ కేక వేయగానే ముందున్న కందకంలోని యంత్రం అరచేయంత బిళ్లను గంటకు దాదాపు వంద కిలోమీటర్ల వేగంతో విసురుతుంది. ఎడమకా, కుడికా, నేరుగానా అన్నది ముందుగా తెలియదు. నిర్ణయానికి సెకను కూడా ఉండదు. ఒక్కొక్కరూ ఇలా 125 బిళ్లల్ని ఎదుర్కోవాలి. ఫైనల్‌కు ముందు జరిగే ఈ క్వాలిఫికేషన్‌లో ఒక్కో బిళ్లకు రెండు తూటాల దాకా పేల్చవచ్చు. అంటే ఒక్క పోటీకే ఒక్కొక్కరికి 125 నుంచి 250 తూటాలు. ఆ స్థాయికి చేరడానికి ఏళ్ల తరబడి చేసే సాధనకు ఎన్ని తూటాలు కావాలో ఊహించుకోవచ్చు. పోటీల్లో వాడే తుపాకీ (షాట్‌గన్) ధర లక్షల్లోనే ఉంటుంది. పైగా లైసెన్సు తతంగం. అందుకే మన దేశంలో ఈ ఆట చాలాకాలం రాజకుటుంబాలు, సంపన్నుల ఇళ్లు దాటి రాలేదు. 1962 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ట్రాప్ రజతం గెలిచిన కర్ణీసింగ్ బికనీర్ మహారాజు. ఆ ఘనతను మేం తక్కువ చేయడం లేదు. అవకాశం అంతమందికే పరిమితం కావడమే మా బాధ.

ఆ గోడ బద్దలవుతుందని కూడా హాంగ్‌జౌలోనే రుజువైంది. పురుషులు బంగారం గెలిచిన రోజునే మహిళల ట్రాప్ జట్టు రజతం తెచ్చింది. ఆ ముగ్గురిలో ప్రీతి రజక్ తండ్రిది మధ్యప్రదేశ్‌లోని ఇటార్సీలో డ్రైక్లీనింగ్ దుకాణం. మనీషా కీర్ తండ్రి భోపాల్‌లో చేపలు పట్టి అమ్మిన మనిషి. ఇద్దరికీ తుపాకీ, తూటాలు, కోచింగ్ ఇచ్చింది భోపాల్‌లోని మధ్యప్రదేశ్ ప్రభుత్వ షూటింగ్ అకాడమీ. ప్రతిభను వెతికి, ఖర్చు తానే పెట్టుకోవడానికి ఒక రాష్ట్రం ముందుకొచ్చింది కాబట్టే ఆ అమ్మాయిలు పతక వేదిక ఎక్కగలిగారు.

మరి మన సంగతి? తెలుగు గడ్డకు షూటింగ్ కొత్త కాదు. గగన్ నారంగ్, ఈషా సింగ్, కైనాన్ ముగ్గురూ హైదరాబాద్ వాళ్లే. కేంద్రీయ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో రేంజి కూడా ఉంది. కానీ పతకం వచ్చాక సన్మానాలు, నజరానాలు ప్రకటించే ఉత్సాహం, పతకానికి పదేళ్ల ముందు ఓ పేద పిల్లాడికి తూటాల పెట్టె కొనివ్వడంలోనూ ఉండాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు భోపాల్ తరహాలో షాట్‌గన్ అకాడమీకి నిధులు కేటాయించాలి. గురుకులాల్లో, జిల్లా పరిషత్ బడుల్లో చురుకైన పిల్లల్ని ఎంపిక చేసి, తుపాకీ, తూటాలు, వసతి, కోచింగ్ పూర్తిగా ఉచితంగా ఇవ్వాలి. రెండు రాష్ట్రాల క్రీడా మంత్రులూ వచ్చే బడ్జెట్‌లోనే దీన్ని చేర్చాలని కోరుతున్నాం.