జెంటూలో ఏ ఫ్లాగులు ఉండాలి, ఏవి పోవాలి

ప్రోగ్రాములను ప్రధానంగా సోర్స్ కోడ్ నుంచి సొంత యంత్రంపైనే కంపైల్ చేసుకొనే జెంటూ లినక్స్‌కు యూజ్ ఫ్లాగులే, అంటే ప్రోగ్రాములో ఏ సదుపాయాలు ఉండాలో ఎంచుకొనే గుర్తులే, ప్రాణం. తెరపై విండోలను చూపే వేల్యాండ్ వ్యవస్థ కావాలంటే ఆ పేరు రాస్తే చాలు, వద్దనుకుంటే దాని ముందు మైనస్ గుర్తు పెడితే సరి. అక్కరలేని లైబ్రరీలు యంత్రంలోకి అసలు దిగవు. ఈ సదుపాయం పోవాలని నేను కోరడం లేదు. అయితే కొత్త ఫ్లాగు చేర్చడానికి ప్యాకేజీ నిర్వాహకుడు రాయవలసింది చాలాసార్లు రెండు మూడు పంక్తులే కాగా, దాని బరువును ఆ ప్యాకేజీ వాడేవారంతా ఏళ్ల తరబడి మోయవలసి వస్తుంది.

ఒక్కో ఫ్లాగు ఆన్ లేదా ఆఫ్ కాబట్టి, పది ఫ్లాగులున్న ప్యాకేజీని గరిష్ఠంగా 1,024 విధాలుగా కట్టవచ్చు, అంటే కంపైల్ చేయవచ్చు. ఇరవై ఉంటే ఆ సంఖ్య 10,48,576కు చేరుతుంది. వీడియో, ఆడియోలను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ వంటి ప్యాకేజీలో ఫ్లాగులు ఇరవైకి మించి చాలానే ఉన్నాయి. ఇన్ని కూర్పులను ఏ బృందమూ పరీక్షించలేదు కాబట్టి, అరుదైన కూర్పును ఎంచుకున్న వినియోగదారుడే తెలియకుండా దానికి తొలి పరీక్షకుడవుతాడు.

ఫ్లాగుల మధ్య వైరుధ్యాలను నియమాలుగా రాసే వీలు జెంటూ ప్యాకేజీ మేనేజర్ అయిన పోర్టేజ్‌లో ఉంది. ఈ రెండింటిలో ఒకటే ఉండాలనీ, ఇది ఉంటే అదీ ఉండాలనీ, ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే ఈబిల్డ్ ఫైలులోనే చెప్పవచ్చు. నియమం మంచిదే కానీ, అది తప్పిన ప్రతిసారీ అప్‌డేట్ ఆగిపోతుంది, దాన్ని సరిదిద్దే పని మనిషి మీద పడుతుంది. అక్షరాలను తెరపై చూపడానికి వాడే ఫ్రీటైప్, హార్ఫ్‌బజ్ లైబ్రరీల సంగతి ఇంకా చిక్కు. తగిన ఫ్లాగులు పెడితే మొదటిదానికి రెండోది కావాలి, రెండోదానికి మొదటిది కావాలి. ఒకదాని ఫ్లాగు తాత్కాలికంగా తీసి, రెండింటినీ కట్టి, ఆ ఫ్లాగును తిరిగి పెట్టి మళ్లీ కట్టుకోవడమే దారి. తెలిసినవారికి ఇది ఐదు నిమిషాల పని. తెలియనివారు అక్కడే జెంటూను వదిలేస్తారు.

మరి ఏవి పోవాలి? డిపెండెన్సీ (ప్యాకేజీకి అవసరమైన ఇతర ప్యాకేజీ) ఏదీ మార్చకుండా నాలుగు చిన్న ఫైళ్లను మాత్రమే చేర్చే ఫ్లాగులు ముందు పోవాలి. సేవలను నడిపే సిస్టమ్‌డీ యూనిట్ ఫైళ్లను, టైపు చేసే ఆదేశాలను పూరించే షెల్ కంప్లీషన్ ఫైళ్లను ఫ్లాగుతో పని లేకుండా అందరికీ పెట్టడమే జెంటూలో ఇప్పటికే ఉన్న పద్ధతి. వద్దనుకునేవారికి, ఎంచుకున్న ఫైళ్లు యంత్రంలోకి రాకుండా ఆపే ఇన్‌స్టాల్ మాస్క్ ఉంది. ఈ తర్కాన్నే ఇంకా ముందుకు తీసుకెళ్లాలి: ఆన్ చేసినా ఆఫ్ చేసినా వినియోగదారుడికి తేడా తెలియని ఫ్లాగు ఉండనక్కరలేదు. ఆ తర్వాత చూడవలసింది అర్థం నిలకడగా లేని పేర్లను. 'మినిమల్' అనే ఫ్లాగు ఒక్కో ప్యాకేజీలో ఒక్కో భాగాన్ని తీసేస్తుంది. ఏం పోతుందో వివరణ చదివితే తప్ప తెలియదు. అలాంటి చోట పోయే భాగం పేరే ఫ్లాగుకు ఉండాలి.

భారీ లైబ్రరీలను లాక్కొచ్చేవి, లైసెన్సును మార్చేవి, భద్రతపై ప్రభావం చూపేవి మాత్రం కదలకుండా ఉండాలి. చిన్న పరికరాల కోసం జెంటూ వాడేవారు ఆధారపడేది వీటిపైనే గనుక, ఫ్లాగులు తగ్గిస్తే తమకు అన్యాయం జరుగుతుందనే వారి భయానికి ఇక్కడే సమాధానం దొరకాలి.

2023 డిసెంబరు చివర జెంటూ తన బైనరీ ప్యాకేజీల (ముందే కంపైల్ చేసి ఉంచిన ప్యాకేజీల) సేవను బాగా విస్తరించాక, ఫ్లాగులు తగ్గించాలనే వాదనకు మరింత బలం చేకూరింది. మన ఫ్లాగులు బైనరీ కట్టిన ఫ్లాగులతో కలిస్తేనే అది పనికొస్తుంది. కలవకపోతే పోర్టేజ్ సాధారణంగా సోర్స్ నుంచి కట్టడానికే వెళ్తుంది. అనవసరమైన ప్రతి ఫ్లాగూ ఆ కలయికను చెడగొట్టే మరో అవకాశం. ఇక, ఫ్లాగును తొలగిస్తే అందరూ మళ్లీ కంపైల్ చేసుకోవలసి వస్తుందనే అభ్యంతరం పోర్టేజ్‌లో ఫ్లాగుల జాబితా మారినా ప్యాకేజీని తిరిగి కట్టించే న్యూయూజ్ ఎంపిక వాడేవారి విషయంలో నిజమే. చేంజ్డ్ యూజ్ ఎంపిక వాడితే, తాము ఆన్ చేయని ఫ్లాగు ఈబిల్డ్ నుంచి పోయినంత మాత్రాన ఆ ప్యాకేజీని తిరిగి కట్టవలసిన పని ఉండదు.