పొన్నగంటికి గనుల లీజు

విజయనగరం జిల్లాలో భూమి లోపలి ఖనిజాన్ని పైకి తీయదలచినవారు లీజు తెచ్చుకోవాలి, రాయల్టీ కట్టాలి, పర్యావరణ అనుమతి చూపాలి, లారీ కదిలితే పర్మిట్ ఉండాలి. 19వ శతాబ్దం చివరినాటి నుంచీ మాంగనీసు తవ్వుతున్న నేల కనుక గర్భాం, గరివిడి, చీపురుపల్లి వైపు ఈ నిబంధనలు చదువురాని వారికి కూడా కంఠతా వచ్చు. ఇంత కట్టుదిట్టమైన యంత్రాంగం కళ్లెదుటే, ఏ కాగితమూ లేకుండా, పండగ సెలవులు సైతం పాటించకుండా, ఇనుము, మాంగనీసు, జింకు తవ్వి పైకి చేరవేస్తున్న ఒక అక్రమ తవ్వకందారును గనుల శాఖ ఇంతవరకు గుర్తించకపోవడం విచారకరం. ఆ తవ్వకందారు పేరు పొన్నగంటి కూర. తూటికూర, గంగపాయల కూర, గలిజేరు దాని అనుచరగణం.

తవ్వకం జరిగే తీరు తెలిస్తే అధికారులు నివ్వెరపోతారు. ఇనుము, జింకు లోపలికి రావడానికి వేరు తెరిచి ఉంచే ద్వారాల గుండానే కాడ్మియం అనే విషలోహం కూడా తలవంచుకుని ప్రవేశిస్తుంది. వాకిట్లో నిలబడి గుర్తింపు కార్డు అడిగే నాథుడు అక్కడ లేడు. నేల పులుపెక్కేకొద్దీ కాడ్మియం మరింత సులువుగా కదులుతుంది. నీరు నిలిచిన చోట మాంగనీసు కరిగి వేరుకు చేతికందుతుంది, మన పొన్నగంటికేమో నీరు నిలిచిన చోటే ఇష్టం. సీసం మాత్రం కొంత మర్యాదస్తురాలు. అది చాలావరకు వేరు దగ్గరే ఆగిపోతుంది. ఆకు మీద కనిపించేది ఎక్కువగా గాలిలో వచ్చి వాలిన ధూళి. పెట్రోలులో సీసం కలపడం మన దేశంలో 2000లో ఆగిపోయినా, అంతకుముందు రోడ్ల పక్క మట్టిలో చేరిన సీసానికి ఆ ఉత్తర్వుల ప్రతి ఇంకా అందినట్టు లేదు.

ఇక పొన్నగంటి ప్రాశస్త్యాన్ని సెల్‌ఫోను తెర మీద వర్ణించే ఆరోగ్యాచార్యుల సేవను ప్రస్తుతించాలి. స్త్రీకి రోజుకు 29, పురుషుడికి 19 మిల్లీగ్రాముల ఇనుము అవసరమని 2020లో జాతీయ పోషకాహార సంస్థ చెప్పింది కదా, ఆ లోటంతా రోడ్డు పక్క కలుపుమొక్క తీరుస్తుందని వారి సిద్ధాంతం. అందులో కొంత నిజం లేకపోలేదు. సరిగా కడగని ఆకును పరీక్షిస్తే ఇనుము అంకె నిజంగానే అమాంతం పెరుగుతుంది, ఎందుకంటే ఆ ఇనుములో కొంత భాగం లారీ చక్రం లేపిన ఎర్రమట్టి. జాగ్రత్తగల పరిశోధకుడు అందుకే అల్యూమినియం కూడా కొలుస్తాడు. మట్టిలో దండిగా ఉండే ఆ లోహంతో ఆకుకు పనిలేదు కనుక, ఇనుముతో పాటు అదీ పెరిగితే తాను తూచింది కూర కాదని, చీపురుపల్లి రోడ్డని గ్రహిస్తాడు. ఆచార్యులకు ఈ చాదస్తం లేదు.

గంగపాయలలో ఆక్సలేటు ఎక్కువ, అది కాల్షియంను పట్టుకుని వదలదు, ఉడికించి నీళ్లు వార్చేస్తే కొంత తగ్గుతుంది అని అమ్మమ్మలు రసాయనశాస్త్రం చదవకుండానే వార్చేవారు. ఇప్పుడు పచ్చిగా రుబ్బి పరగడుపున తాగమంటున్నారు. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధికి అసలు కారణం దశాబ్దాల పరిశోధన తరువాత కూడా తేలలేదు. అయినా కవిటి, సోంపేట జనానికి గలిజేరు కషాయంతో కిడ్నీలు కడిగిపెడతామని చెప్పే గుండెధైర్యం ఈ ఆచార్యులకే చెల్లింది. కిడ్నీలు దెబ్బతిన్నవారు పొటాషియం విషయంలో ఒళ్లు దగ్గర పెట్టుకోవాలని వైద్యులు హెచ్చరిస్తారు, గలిజేరులో పొటాషియం మెండు. ఈ ఒక్క వాక్యంలో వ్యంగ్యం లేదని పాఠకులు గమనించాలి.

గంటస్తంభం దగ్గర ఒక ఉదయం కూర బేరం విన్నాను. కొనే పెద్దమనిషి కట్ట ఎంతని అడిగాడు, నాటుదేనా అని అడిగాడు, మందు కొట్టలేదు కదా అని అడిగాడు. ఎక్కడ కోశావని అడగలేదు. ఆయన వెళ్లాక ఆ ప్రశ్న కూరలమ్మే ఆమెను నేను అడిగాను.

"గెడ్డ ఒడ్డుది బాబూ. ఎంత ఏపుగా ఎదిగిందో సూడండి," అంది. గెడ్డ అంటే ఈ వైపు వాగు.

"ఏ గెడ్డమ్మా?"

"ఊర్లో నీళ్లన్నీ కలిసే గెడ్డే. ఆ నీటికే ఈ ఎదుగుదల."

"మీరూ ఇదే వండుకుంటారా?"

"మాకెందుకు బాబూ, మేం పొలం గట్టుది కోసుకుంటాం. ఈ మజ్జిన గట్టుకి కూడా గడ్డిమందు కొడతన్నారని అదీ మానేసినాం."

మెళియాపుట్టి కొండల్లో కోసిన కట్టకూ, ఈ గెడ్డ కట్టకూ బజారులో ధర ఒక్కటే. ఆకులో సీసం కిలోకు 0.3 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.2 మిల్లీగ్రాములు దాటరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ హద్దు గీసింది. కానీ విత్తనం వేసినవాడు, నీరు పెట్టినవాడు లేని మొక్కకు నోటీసు ఎవరి పేరిట పంపాలి? కాడకు అంటించి రావడం ఒక్కటే మార్గం.

మురుగులోని లోహాలను మొక్కలతో పీల్పించి నీటిని శుభ్రం చేసే పద్ధతి ఒకటి ఉంది. తూటికూర ఆ పనిలో ఆరితేరినదని అనేక దేశాల్లో నమోదైంది. ఆ దేశాల వారు పని ముగిశాక మొక్కను జాగ్రత్తగా వదిలించుకునే దారి వెతుకుతారు, పాపం, వారికి పెసరపప్పు సంగతి తెలియదు. కాలువకు వేరే శుద్ధియంత్రం పెట్టే ఖర్చు లేకుండా, ఉన్న ఫిల్టరును ఉదయాన్నే కోసి, కట్టలు కట్టి, ఆవాలు, ఎండుమిర్చి వేసి పోపు పెట్టుకునే ఈ ఏర్పాటును మన పురపాలకులు ఏ సదస్సులోనూ చెప్పుకోకపోవడం వారి వినయానికి నిదర్శనం.

కనుక ప్రభుత్వానికి నా విన్నపం. కాలువలోకి ఏం వస్తోందో చూడడం పెద్ద పని, దాన్ని పక్కన పెడదాం. పొన్నగంటిని వ్యవసాయ శాఖ నుంచి తప్పించి గనుల శాఖకు అప్పగించాలి. గెడ్డల ఒడ్డులను బ్లాకులుగా విభజించి వేలం వేయాలి. కట్టకు ఇంతని రాయల్టీ వసూలు చేసి, అందులో వాటాను, గనుల వల్ల నష్టపోయే ఊళ్ల కోసం పెట్టిన జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు జమ చేయాలి. ఆ నిధితో తవ్వకం ప్రభావిత ప్రాంతంలో, అనగా ఆ కూర తిన్న ఇళ్లలో, రక్తపరీక్షలు జరిపించాలి. పరీక్షలో ఎవరి ఒంట్లోనైనా సీసమో కాడ్మియమో బయటపడితే, అనుమతి లేకుండా ఖనిజం నిల్వ చేసిన నేరం కింద కేసు రాసుకుని, రవాణా పర్మిట్ చూపమని అడగాలి.