గొట్టం కోసేముందు గ్యాస్ తీయాలి

ఎండలు ముదిరేసరికి ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ దుకాణాల ముందు ‘పాత ఫ్రిజ్ ఇవ్వండి, కొత్తది తీసుకెళ్ళండి’ అనే బోర్డులు లేస్తాయి. ఇచ్చేసిన పాతది ఏమైందని అడిగేవారు అరుదు. చాలావరకు అది చేరేది పాత ఇనుప సామాను కొట్టుకే. అక్కడ ధర పలికేవి కంప్రెసర్, రాగి గొట్టం, రేకు. లోపల చల్లదనాన్నిచ్చే గ్యాస్‌కు ధర లేదు కాబట్టి గొట్టాన్ని తెగ్గోస్తారు. ఒక్కసారి బుస్సుమంటుంది, అంతే.

ఆ బుస్సు ఎంతటిదో చూడండి. పాత ఏసీల్లో వాడిన ఆర్-22 అనే గ్యాస్ ఒక కిలో గాలిలో కలిస్తే, నూరేళ్ళ లెక్కన సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. ఇంట్లో వాడే ఏసీలో ఆ గ్యాస్ దాదాపు కిలో ఉంటుంది. ఫ్రిజ్‌లోని ఆర్-134ఎ గ్యాస్ వంద, నూట యాభై గ్రాములకు మించదు గానీ దాని తాపశక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 1,400 రెట్లు. మరీ పాతకాలపు ఫ్రిజ్ అయితే అందులోని సీఎఫ్‌సీ-12 పది వేల రెట్లు, పైగా ఓజోన్ పొరకూ చేటు. తలుపులో, గోడల్లో నింపిన నురుగులోనూ ఇలాంటి వాయువులే దాగి ఉంటాయి. పాత ఫ్రిజ్‌లలో గొట్టాల్లో కంటే అక్కడే ఎక్కువ. దాన్ని విరగ్గొట్టి చెత్తకుప్పలో పారేస్తున్నాం.

ఇలాంటి వాయువుల వాడకాన్ని తగ్గించేందుకు దేశాలు చేసుకున్న 2016 నాటి కిగాలీ ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది. ఆర్-134ఎ వంటి హెచ్‌ఎఫ్‌సీ వాయువుల వాడకానికి 2028లో కళ్ళెం పడుతుంది, 2032 నుంచి కోత మొదలవుతుంది. మంచిదే. కానీ ఆ పరిమితులు కొత్తగా తయారయ్యే గ్యాస్‌కు. ఇప్పటికే మన ఇళ్ళలో ఉన్నదాని సంగతి 2023 ఏప్రిల్ నుంచి అమలవుతున్న ఈ-వ్యర్థాల నియమాలు చూసుకోవాలి. ఆ నియమాలు తయారీదారులపై బాధ్యత పెట్టాయి, నమోదైన రీసైక్లర్లకే సరుకు చేరాలన్నాయి. గుణుపురం వీధిలో సైకిలు తొక్కే తుక్కు వ్యాపారి వరకు అవి వచ్చాయా? అతడిని దోషిగా నిలబెట్టడం తేలిక. గ్యాస్ దాచి తెచ్చినా పైసా రానప్పుడు ఎందుకు దాస్తాడు? పర్లాకిమిడిలో కొన్న సామాను ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం చేరితే రాష్ట్రం మారుతుంది, కాలుష్య నియంత్రణ మండలి మారుతుంది. అడగవలసినవారు ఇద్దరైతే అడిగేవారు ఎవరూ ఉండరు.

కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా వస్తున్న ఐసోబ్యూటేన్ భూతాపాన్ని దాదాపు పెంచదు. కానీ మండే గ్యాస్. ఇరుకు కొట్లో నిప్పురవ్వల మధ్య గొట్టం కోసే కుర్రవాడికి ఆ సంగతి ఎవరు చెప్పారు?

గ్యాస్‌ను సిలిండర్‌లోకి తోడే యంత్రం కొత్త ఆవిష్కరణ ఏమీ కాదు. ప్రతి పురపాలక సంఘం ఒకటి కొని, ఊళ్ళోని ఏసీ మెకానిక్కులకు శిక్షణ ఇచ్చి, తోడిన ప్రతి ఫ్రిజ్‌కూ, ఏసీకీ కూలి కట్టివ్వాలి. ఆ ఖర్చు తయారీ సంస్థల నుంచి రాబట్టాలి. పాతది తీసుకున్న దుకాణం దాన్ని ఎవరికి అప్పగించిందో రసీదు మీద రాసి కొనుగోలుదారుకు ఇవ్వాలి. ఈ వేసవి అమ్మకాలు మొదలయ్యేలోగా గంజాం, గజపతి, రాయగడ జిల్లాల కలెక్టర్లు కనీసం ఆ రసీదు నిబంధననైనా అమలులోకి తేవాలని కోరుతున్నాం.