షికాగో 1893 బిళ్లకు లక్షలు వస్తాయా?

"1893 షికాగో ఎగ్జిబిషన్ బిళ్ల మీ ఇంట్లో ఉందా? వందేళ్లు దాటింది, వెండిది, అమెరికా ప్రభుత్వం వేసింది. తళతళలాడేలా తోమి ఫొటో పంపండి, లక్షలు మీవే." వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న మాట ఇది. ఇందులో వయసు తప్ప ఒక్క ముక్క కూడా నిలబడదు.

ముందు వయసు సంగతి. పాతదైనంత మాత్రాన అరుదైనది కాదు. షికాగో ఎగ్జిబిషన్ అంటే 1893లో అక్కడ జరిగిన ప్రపంచ ప్రదర్శన; వివేకానందుడు మాట్లాడిన సర్వమత సమ్మేళనం దానికి అనుబంధంగా జరిగిందే. ఆరు నెలల్లో ఉచిత ప్రవేశాలతో కలిపి 2 కోట్ల 70 లక్షలకు పైగా సందర్శనలు నమోదయ్యాయి. అక్కడ వ్యాపారులు తమ పేరుతో టోకెన్లు, అంటే నాణెం లాంటి బిళ్లలు, కొట్టించింది పంచడానికే. పచ్చళ్ల వ్యాపారి హైంజ్‌కు స్టాల్ పై గ్యాలరీలో దక్కింది. మెట్లెక్కి వచ్చేవాళ్లే లేరు. దాంతో ఆయన, "ఈ చీటీ తెచ్చి చూపిస్తే కానుక ఉచితం" అని చీటీలు పంచాడు. ఊరవేసిన దోసకాయ ఆకారంలో ఉన్న చిన్న లాకెట్ కోసం జనం ఎగబడ్డారు! ప్రచారం కోసం ఇలా చేతులు మారిన వస్తువులు ఇప్పటికీ బోలెడు దొరుకుతాయి. ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో ఉన్నాయి, ఎంతమందికి కావాలి అన్నదాన్ని బట్టే ధర.

ఇక వెండి. తెల్లగా మెరిసేవాటిలో చాలావరకు అల్యూమినియమే. కరెంటుతో అల్యూమినియం తీసే హాల్-ఎరూ పద్ధతిని 1886లో కనిపెట్టాక అది చవకైంది, జనానికి అప్పుడు కొత్త వింత. చేతిలోకి తీసుకుంటేనే తెలిసిపోతుంది: అదే సైజు వెండి దాదాపు నాలుగు రెట్లు బరువు.

ప్రభుత్వం వేసిందా? ఆ ప్రదర్శన కోసం ప్రభుత్వం వేసిన స్మారక నాణేలు కొలంబియన్ అర డాలరు, ఇసబెల్లా పావు డాలరు. దుకాణం పేరున్న బిళ్లలు ఆయా వ్యాపారుల సొంత ఖర్చువి. నిజానికి, డాలరుకు అమ్మిన ఆ అర డాలర్లు కూడా లక్షల్లో మిగిలిపోతే మామూలు చిల్లరగా వదిలేశారు.

తోమమనే సలహా మాత్రం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. చింతపండుతో రుద్దితే పైపొర పోతుంది, సన్న అక్షరాలు అరిగిపోతాయి. ఏ చరిత్ర పుస్తకంలోనూ లేని చిన్న కొట్టు పేరు, వీధి, అమ్మిన సరుకు ఆ అక్షరాల్లోనే మిగిలాయి. సేకరించేవాళ్లు వెతికేది వాటినే.

ఫొటో పంపాక "కమీషన్ ముందే కట్టండి" అంటారు. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుని జరిగే ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఒక్క రూపాయి కూడా కట్టకండి.